చప్పుడు ఒకచోట, లోపం ఇంకొకచోట

కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరి పక్కన, కొండ మీంచి దిగే మట్టిదారి ఒకటుంది. 1976లో అక్కడి కుర్రకారు 1930లు, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్ళతో ఆ దారిలో పందేలు వేసుకోవడం మొదలుపెట్టారు. రెండు మైళ్ళు పోయేసరికి దాదాపు 1,300 అడుగులు కిందికి దింపేసే వాలు అది. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనక హబ్బులోనే ఉండేది, పెడళ్ళు వెనక్కి తొక్కితే పడేది. అడుక్కి చేరేసరికి హబ్బు కాగిపోయి లోపలి గ్రీజంతా పొగైపోయేది. మళ్ళీ కొండెక్కి దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు దట్టించాల్సిందే. ఆ పనిని వాళ్ళు రీప్యాక్ అనేవారు, పందేనికీ ఆ పేరే పడింది. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ ఆ గుంపులోంచి వచ్చినవాళ్ళే. గ్రీజు దట్టించుకుంటూనే వాళ్ళు కాలం గడిపి ఉంటే ఇవాళ మౌంటెన్ బైక్ అనే బండి మనకు తెలిసిన రూపంలో ఉండేది కాదేమో. ఆ బ్రేకు ఆ వాలుకు పనికిరాదన్న అసలు సంగతి పట్టుకున్నారు కాబట్టే చేత్తో నొక్కే బ్రేకులొచ్చాయి, గేర్లొచ్చాయి. 1977లో బ్రీజ్ కొండదారి కోసమే ఫ్రేము కట్టాడు. 1981కల్లా స్టంప్‌జంపర్ పేరుతో ఫ్యాక్టరీలో తయారైన మౌంటెన్ బైకు అంగళ్ళకు చేరింది.

ఇప్పుడు మన ఊళ్ళలో గేరు సైకిలు తొక్కేవాళ్ళ మధ్య నడిచే సలహాలు వింటే వాటిలో చాలా భాగం ఆ గ్రీజు దట్టించే రకమే. గేరు సరిగ్గా పడట్లేదని ఒకరంటే కేబులు మార్చమని ఒకరు, చైనును ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి జరిపే డీరైలర్ మార్చమని ఇంకొకరు, ముందు నూనె వేసి చూడమని మరొకరు చెబుతారు. ఎవరూ అబద్ధమాడట్లేదు. వాళ్ళ వాళ్ళ సైకిళ్ళకు అదే పనిచేసింది. కానీ ఒక్క లక్షణానికి అరడజను కారణాలుండే యంత్రంలో పక్కింటివాళ్ళ మందు మనకు పనిచేస్తే అది అదృష్టమే. సైకిలు రిపేరులో చేతిపని నిజానికి పెద్ద కష్టం కాదు. అలెన్ కీల సెట్టు, స్పానరు, టైరు విప్పే లీవర్లు ఉంటే రోజువారీ పనుల్లో చాలావరకు ఇంట్లోనే అయిపోతాయి. కష్టమంతా కారణం తేల్చడంలో ఉంది. ఈ బండిలో లోపం పుట్టేది ఒకచోట, బయటపడేది ఇంకొకచోట. పుట్టినచోటు కనుక్కోవడానికి కావలసినవీ ఖరీదైనవేం కావు: స్కేలు, తొట్టెడు నీళ్ళు, ఒకసారికి ఒక్కటే మార్చి చూసే ఓపిక.

లోపం ఒకచోట పుట్టి ఇంకొకచోట బయటపడటం అన్నిటికన్నా స్పష్టంగా కనబడేది చైను దగ్గర. చైను సాగిందంటాం గాని ఆ ఇనుము సాగదు. చైనులో ప్రతి కీలు దగ్గరా ఒక పిన్ను, దాని చుట్టూ ఒక రంధ్రం ఉంటాయి. ఆ రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటూ అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర అరిగేది వెంట్రుకవాసి కూడా ఉండదు, కానీ నూరుకు పైగా ఉన్న కీళ్ళన్నిటి అరుగుదలా కలిసి చైను పొడవు పెరుగుతుంది. కొత్త చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం సరిగ్గా అరంగుళం, అంటే 12.7 మి.మీ. కాబట్టి కొలవడం తేలిక. పెడలు మీద కాస్త బరువు పెట్టి చైను పై వరస బిగుతుగా ఉంచి, ఇనప స్కేలు సున్నాను ఒక పిన్ను నడిమధ్యన ఆనించాలి. 12 అంగుళాల గీత ఇంకో పిన్ను నడిమధ్యకు వచ్చిందా, చైను బాగున్నట్టు. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు, జరిగిపోయి ఉంటే అరుగుదల అర శాతం. ఎనిమిదో వంతు జరిగితే ఒక శాతం. వెనక 11, 12 పళ్ళచక్రాలున్న సైకిళ్ళకు అర శాతం దగ్గర, 8 నుంచి 10 ఉన్నవాటికి ముప్పాతిక శాతం దగ్గర చైను మార్చడం రివాజు. ఒక శాతం దాకా లాగితే చైనొక్కటీ మార్చి బయటపడటం కష్టం.

ఎందుకంటే పొడవెక్కిన చైను పళ్ళ అడుగున కూర్చోదు, కొంచెం పైకెక్కి లాగుతుంది. అలా లాగీ లాగీ పళ్ళను తన కొత్త కొలతకు తగ్గట్టు అరగదీస్తుంది. రెండూ కలిసి అరిగాయి కాబట్టి తొక్కేవాళ్ళకు తేడా తెలియదు. బండి నున్నగానే పోతుంటుంది. చైను పాతదైందని ఒకరోజు కొత్తది వేయిస్తారు. ఆ మర్నాడే ఏ ఫ్లైఓవరో ఎక్కుతుంటే చైను పళ్ళ మీంచి ఎగిరి, తొక్కుతున్న కాలు దభీమని కిందికి పోతుంది. నిన్నటిదాకా లేని రోగం కొత్త చైనుతో వచ్చింది కాబట్టి నింద దాని మీద పడుతుంది. ఇంకో చైను కొంటారు, అదీ ఎగురుతుంది. లోపం అంతకు ఏడాది ముందే వెనక పళ్ళచక్రాల గుత్తిలో, అంటే క్యాసెట్‌లో, పడిందని తేల్చడానికి ఒక చిన్న గమనింపు చాలు. రోజూ ఎక్కువగా వాడే రెండు మూడు చక్రాల మీదే చైను ఎగిరి, ఎప్పుడో గాని వాడని చక్రాల మీద బుద్ధిగా ఉంటే అరిగినవి పళ్ళే. అన్ని చక్రాల మీదా తడబడుతుంటే కేబులు బిగువో, డీరైలర్ వరసో తప్పింది. ఏ గేరులోనైనా రెండు మూడు తొక్కులకోసారి లెక్కప్రకారం టిక్కుమంటుంటే చైనులో ఒక కీలు బిగుసుకుంది. మూడూ తొక్కేవాళ్ళ నోట ‘చైను జారుతోంది’ అన్న ఒక్క మాటగానే వస్తాయి.

ఇక్కడ పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. హీరో, అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్ళు పాల క్యాన్లు మోస్తూ ఇరవై ఏళ్ళు తిరిగాయి, ఎవరైనా స్కేలు పెట్టి చైను కొలిచారా? కొలవలేదు, నిజమే. ఆ సైకిలు చైను వెడల్పైనది, పళ్ళు మందమైనవి. గేర్లు లేవు కనుక చైను ఎప్పుడూ తిన్నగానే నడిచేది. పైగా చాలా సైకిళ్ళకు దాని మీద రేకు కవరుండి దుమ్మూ బురదా తగలనిచ్చేది కాదు. 12 గేర్ల చైను వెడల్పు సుమారు 5 మి.మీ. మాత్రమే. అది పక్కలకు వంగుతూ, ఏ మూతా లేకుండా, చక్రం ఎగజిమ్మే మట్టిలో పనిచేస్తుంది. ఇంకోమాట, ఆ పాత సైకిళ్ళకు మరమ్మతు అక్కర్లేదనుకోవడం మన జ్ఞాపకం చేసే మాయ. ఏడాదికోసారి ఓవర్‌హాలింగ్‌కు ఇచ్చేవాళ్ళం. షాపాయన బాల్ రేసులు విప్పి, గోళీలు కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి, చక్రాల బెండు తీసి ఇచ్చేవాడు. పని జరిగేది, మన చేతుల మీదుగా కాదు కాబట్టి గుర్తులేదంతే.

చైను అరుగుతుందంటే చాలామందికి మొదట తోచేది నూనె, తర్వాత నీళ్ళు. రెండూ మంచి చేసినంత చెడూ చేయగలవు. నూనె పని రోలర్ల లోపల, పిన్నుల దగ్గర. బయట మెరిసే నూనె ఎందుకూ పనికిరాదు. పైగా దుమ్మును పట్టి ఉంచి వాల్వులు నూరే గ్రైండింగ్ పేస్టులా తయారై, అరుగుదల తగ్గించాల్సిందే పెంచుతుంది. రోలరుకో చుక్క చొప్పున వేసి, పెడల్ కాసేపు వెనక్కి తిప్పి, పాత బనియను గుడ్డతో బయటిదంతా తుడిచేయాలి. తుడవడమే అందరూ వదిలేసే భాగం. డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి చైనుకు నూనె వేశామనుకునేవాళ్ళూ ఉన్నారు. 1953లో శాన్ డియాగోలో దాన్ని తయారుచేసింది తేమను తరిమి తుప్పు ఆపడానికి. ఆ మామూలు డబ్బాలో ఉన్నది మురికి వదిలిస్తుంది, ఎక్కువకాలం నిలిచే కందెన మాత్రం కాదు. దానితో శుభ్రం చేసి, ఆరాక అసలు చైను నూనె వేస్తే పేచీ లేదు. ఇక నీళ్ళ సంగతి. మోటారు సైకిళ్ళకు వాటర్ సర్వీసింగ్ చేసేచోట గేరు సైకిలునూ నిలబెట్టి అదే పైపుతో కొట్టించడం మనకు మామూలైపోయింది. హబ్బులకూ, పెడళ్ళ నడుమ బేరింగులకూ ఉండే రబ్బరు సీళ్ళు దుమ్మునూ తుంపరనూ ఆపడానికి పెట్టినవి. దగ్గరనుంచి కొట్టే ఒత్తిడి నీళ్ళు వాటిని దాటి లోపలికి పోయి గ్రీజును కడిగేస్తాయి. సైకిలు తళతళలాడుతుంది, రెండు నెలలకు హబ్బు గరగరమంటుంది. బకెట్టు నీళ్ళు, సబ్బు, బ్రష్షు, ఆరబెట్టడం, తర్వాత చైనుకు నూనె: ఇంతే కావాలి.

డిస్క్ బ్రేకులు కీచుమంటున్నాయన్న ఫిర్యాదులో సగం ఈ నూనె దగ్గరే పుడుతుంది. చైను మీద కొట్టిన స్ప్రే తుంపర పక్కనే ఉన్న బ్రేకు పళ్ళెం, అంటే రోటరు, మీద పడుతుంది. రోటరును నొక్కే ప్యాడ్లు ఆ నూనెను పీల్చుకుంటాయి. బ్రేకు కీచుమంటుంది, సరిగ్గా పట్టదు. తొక్కేవాళ్ళేమో బ్రేకు ఆయిలు తగ్గిందేమోనని, కాలిపర్ పాడైందేమోనని చూస్తారు. చప్పుడు చైను శుభ్రం చేసిన మర్నాటి నుంచి మొదలైందా అని అడిగితే సగం పని అయినట్టే. రోటరును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిస్తే శుభ్రమవుతుంది, నూనె తాగిన ప్యాడ్లు మాత్రం సాధారణంగా మార్చాల్సిందే. గరుకు కాగితం మీద రుద్దితే కొన్నాళ్ళు నడుస్తాయి, నమ్మకం లేదు. హైడ్రాలిక్ బ్రేకుల్లో పోసే ద్రవం విషయంలో ఎవరి సలహా మీదా ఆధారపడకండి, లీవరు మీదో మూత మీదో ఏం రాసి ఉందో అదే పోయాలి. షిమానో బ్రేకులకు మినరల్ ఆయిలు, స్రామ్ బ్రేకుల్లో చాలావాటికి డాట్ ద్రవం. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే లోపలి సీళ్ళు ఉబ్బి బ్రేకే పోతుంది.

పంచర్ల దగ్గర మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదనిపిస్తుంది. మన బీళ్ళలో పల్లేరుకాయలున్నాయి, చెరువుగట్ల మీద సర్కారు తుమ్మ ఉంది. పల్లేరు మొక్క అమెరికా పడమటి రాష్ట్రాలకూ చేరి అక్కడి సైకిళ్ళవాళ్ళను ఇలాగే ఏడిపిస్తోంది. అయినా ఒకే చక్రానికి వారంలో మూడుసార్లు పంచరైతే ట్యూబు నాసిరకమనో, దారి మంచిది కాదనో అనుకుంటాం గాని ట్యూబును చదవం. ట్యూబు బయటికి లాగేముందు వాల్వు దగ్గర టైరు మీద సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. గాలి కొట్టి తొట్టి నీళ్ళలో ముంచితే బుడగలొచ్చే చోటు దొరుకుతుంది. వాల్వు నుంచి ఆ చిల్లికి ఎంత దూరమో చూసి, టైరు మీద గుర్తు నుంచి అంతే దూరంలో లోపల తడిమితే ముల్లో, సన్నటి తీగముక్కో చేతికి తగులుతుంది. గుడ్డతో తడమండి, వట్టి వేలితో కాదు. షాపులో ప్యాచీ వేసి పంపారు, ముల్లు మాత్రం టైరులోనే ఉండిపోయింది, మూడు పంచర్లకూ కారణం అదొక్కటే. చిల్లి ట్యూబు లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉందా? రిమ్ టేపు జరిగి పుల్ల కొన గుచ్చుకుంటోంది, దారిలో ముళ్ళు ఏరినా లాభం లేదు. పక్కపక్కనే రెండు చీలికలున్నాయా? గాలి తక్కువై, గుంటలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగింది. దానికి మందు పంపు, కొత్త ట్యూబు కాదు.

ట్యూబ్‌లెస్ టైర్లు వేయిస్తే ఈ గొడవే ఉండదు కదా అంటారు. ముళ్ళవరకు అది నిజం. లోపల పోసే రబ్బరుపాలు చిన్న చిల్లులను వాటంతటవే మూసేస్తాయి. కానీ ఆ పాలు ఎండిపోతాయి, మన ఎండలకు మరీ త్వరగా. కొన్ని నెలలకోసారి మళ్ళీ పోయకపోతే టైరులో మిగిలేది ఎండిన రబ్బరు పొర. నాలుగు నెలలు అపార్టుమెంటు సెల్లార్‌లో నిలబెట్టి, ఒక ఆదివారం అనంతగిరి కొండలకు తీసుకుపోయి, ట్యూబ్‌లెస్ కూడా పంచరవుతోందేమిటని ఆశ్చర్యపోవడం ఇందువల్లే. తొక్కితే అరిగేవి కొన్ని, నిలబెడితే పాడయ్యేవి కొన్ని. కిలోమీటర్ల లెక్క చూసుకునేవాళ్ళు ఈ రెండో రకాన్ని మరిచిపోతారు.

కిర్రుకిర్రుమనే చప్పుడంత మోసకారి ఇంకొకటి లేదు. అల్యూమినియం గొట్టాల ఫ్రేము చప్పుడును మోసుకుపోతుంది, సీటు దగ్గర పుట్టింది పెడళ్ళ దగ్గర వినబడుతుంది. అందుకే పెడళ్ళ నడుమ బేరింగులుండే బాటమ్ బ్రాకెట్ మార్పించినా తగ్గని చప్పుళ్ళు అన్ని. చెవిని నమ్మే బదులు పరీక్ష పెట్టాలి. సీటు మీంచి లేచి నిలబడి తొక్కితే చప్పుడు ఆగిపోయిందంటే అది సీటుదో, సీటు గొట్టానిదో. గొట్టం బయటికి తీసి తుడిచి గ్రీజు రాసి పెడితే చాలు, కార్బన్‌దైతే దానికి వేరే పేస్టు ఉంది. తొక్కడం ఆపి బండిని దానంతటది పోనిచ్చినా చప్పుడొస్తుంటే పెడళ్ళకూ చైనుకూ సంబంధం లేదు. తొక్కినప్పుడు మాత్రమే, పెడలు ఒకే చోటుకు వచ్చినప్పుడల్లా వస్తుంటే పెడలునో, దాన్ని బిగించే క్రాంకునో అనుమానించాలి. పెడలు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త: ఎడమవైపు దానికి మర తిరగేసి ఉంటుంది. మామూలు లెక్కన విప్పుతున్నామనుకుని బలం పెట్టేవాళ్ళు దాన్ని ఇంకా బిగించి, అల్యూమినియం క్రాంకు మర చెడగొట్టుకుంటారు.

ఇదంతా తొక్కేవాళ్ళకెందుకు, మెకానిక్ ఉన్నాడుగా అనొచ్చు. ఈ అభ్యంతరంలో బలముంది. బ్రేకులోంచి గాలి తీయడం, ఫోర్కు విప్పి ఆయిలు మార్చడం, చక్రం బెండు తీయడం నేర్చినవాళ్ళ చేతుల్లోనే బాగుంటాయి. ఫ్రేములోనో హ్యాండిల్‌లోనో పగులు కనిపిస్తే ఇంట్లో చేయాల్సిన పని తొక్కడం మానేయడమొక్కటే. కానీ మెకానిక్ సైకిలును స్టాండు మీద, బరువు లేకుండా, షాపు ముందు చూస్తాడు. ఎత్తు ఎక్కుతుంటేనే వచ్చే చప్పుడు అక్కడ రాదు. కూర్చుంటే ఉంటుందా, నిలబడితే పోతుందా, వాన తర్వాత మొదలైందా, కిందపడ్డాక మొదలైందా అన్నవి తొక్కినవాళ్ళకే తెలుసు. గేరు ప్రాబ్లం అని మాత్రం చెప్పి వదిలేస్తే, ఎంత మంచి పనివాడైనా తనకు అలవాటైన పార్టు మార్చి చూడటం తప్ప ఏం చేస్తాడు? బిల్లు పెరిగిందని తర్వాత వగచి లాభం లేదు.

గేర్ల విషయంలో ఈ కిందపడ్డ సంగతి చెప్పకపోవడం మరీ ఖరీదైన మతిమరుపు. మామూలుగా గేరు పెద్ద చక్రం మీదికి ఎక్కడానికి బద్ధకిస్తే కేబులు బిగువు తగ్గినట్టు. డీరైలర్ దగ్గరో షిఫ్టర్ దగ్గరో ఉండే చిన్న గుండ్రటి స్క్రూను, బ్యారెల్ అంటారు, అరచుట్టు బయటికి విప్పితే సర్దుకుంటుంది. కొత్త కేబులు వేసిన మొదటి వారాల్లో ఇది అందరికీ తప్పదు. అంచుల దగ్గర ఉండే హెచ్, ఎల్ స్క్రూలు చైను చక్రాలు దాటి పడిపోకుండా ఆపే గట్లు, గేర్ల నడుమ తడబాటుకు వాటిని తిప్పితే కొత్త రోగం వస్తుంది. బ్యారెల్ ఎంత తిప్పినా ఒక గేరు బాగుపడేసరికి ఇంకొకటి చెడుతోందా, సైకిలు వెనక్కి వెళ్ళి నేలమీద కూర్చుని చూడండి. డీరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్ళచక్రానికి తిన్నగా, ఒకే వరసలో ఉండాలి. అడుగుది పుల్లల వైపు వంగి కనిపిస్తే డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అనే ముక్క వంగింది. సైకిలు కుడివైపుకు పడితే చాలు అది వంగుతుంది, సెల్లార్‌లో పక్క స్కూటరు తగిలి ఒరిగినా సరే. అలాగే తొక్కి ఎత్తు మీద పెద్ద చక్రానికి మార్చితే డీరైలర్ పుల్లల్లో దూరి, పోయేది చక్రమూ డీరైలరూ రెండూ.

ఇంత నాజూకు ముక్క పెట్టడం కంపెనీల తెలివేనని గొణిగేవాళ్ళున్నారు. హ్యాంగర్ మెత్తగా ఉండటం మాత్రం మోసం కాదు. దెబ్బ తగిలినప్పుడు ఫ్రేము బదులు తాను వంగడానికే దాన్ని విడిగా, మెత్తటి అల్యూమినియంతో చేస్తారు. అసలు దోషం ఇంకొకటి. ఫ్రేముకో రకం చొప్పున ఒకదానికొకటి పొసగని వందల రకాల హ్యాంగర్లు పుట్టించారు. మూడేళ్ళనాటి మోడల్‌కు ఆ ముక్క కోసం ఊరంతా తిరగాల్సి వస్తే తిట్టుకోవడం న్యాయమే. 2019లో స్రామ్ అందరి ఫ్రేములకూ సరిపోయే ఒకే నమూనా హ్యాంగర్‌ను బయటపెట్టింది, చాలా కంపెనీలు దాన్ని తీసుకున్నాయి. అయినా మన దగ్గర తిరుగుతున్న సైకిళ్ళలో ఎక్కువ భాగానికి పాత తరహా హ్యాంగర్లే ఉన్నాయి, కొన్ని చవక ఫ్రేములకైతే అది విడిగా రాదు, ఫ్రేములో భాగమే. అందుకని సైకిలు కొన్నరోజే, ఆ మోడల్ ఇంకా అమ్ముతున్నప్పుడే, హ్యాంగర్ ఇంకొకటి అడిగి తీసుకుని సీటు కింది సంచిలో పడేసుకోవడం మేలు. చైను తెంపే చిన్న పనిముట్టూ, ఆ చైనుకు సరిపడే జాయింటు లింకూ దానితోపాటు ఉంటే, అరకు దారిలో డీరైలర్ పూర్తిగా విరిగినా చైను కురచ చేసి ఒకే గేరు మీద కిందికి చేరుకోవచ్చు.